మెడ తిరగకపోతే పక్కటెముకల సంగతి చూడండి

నిదానంగా, ఒంటిని గమనిస్తూ చేసే కదలికల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకేలాంటివి కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. చెప్పినవాటిలో ఏది చేసినా ముందు ఒకసారి పూర్తిగా చదివి, తర్వాత పత్రిక పక్కన పెట్టి చేయండి. చదువుతూ చేస్తే మెడ పత్రిక వైపే ఉండిపోతుంది.

ప్రశ్న: వ్యాయామం అంటే చెమట పట్టాలి, కండరం లాగాలి అంటారు. ఈ పద్ధతిలో ఒక అంగుళం కదిలి ఆగమంటున్నారు. దాంతో ఏం ఒరుగుతుంది?

జవాబు: చెమట పట్టే వ్యాయామానికి ఇది బదులు కాదు. గుండెకూ కండబలానికీ నడక, బరువులు కావాల్సిందే. దీని పని వేరు. ఒక కదలికలో ఏ భాగం మోతకు మించి కష్టపడుతోందో, ఏ భాగం పని ఎగ్గొట్టి కూర్చుందో కనిపెట్టి, ఆ కూర్చున్నదాన్ని మళ్లీ పనిలోకి దించడం.

కనిపెట్టాలంటే బలం తగ్గించాలి. 20 కిలోల పెట్టె మోస్తున్నప్పుడు దానిమీద ఎవరైనా తాళంచెవి పెడితే మీకు తెలియదు. అదే తాళంచెవిని ఖాళీ అరచేతిలో పెడితే వెంటనే తెలుస్తుంది. మోస్తున్న బరువు ఎంత ఎక్కువైతే, తేడా తెలియడానికి అంత ఎక్కువ బరువు కలపాలి. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ వేబర్ తేల్చిన సంగతి ఇది. కండరాలకూ ఇదే లెక్క. పళ్లు బిగపట్టి మెడ తిప్పుతుంటే, కుడి భుజం ఊరికే చెవి దగ్గరికి లేస్తున్న సంగతి ఆ బిగింపులో కలిసిపోతుంది. పదో వంతు బలంతో తిప్పితే బయటపడుతుంది.

దీన్ని పద్ధతిగా మలిచినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984). ఇంజనీరింగ్, భౌతికశాస్త్రం చదివినవాడు, జూడోలో బ్లాక్ బెల్ట్. మోకాలి గాయం వేధిస్తుంటే తాను అడుగు ఎలా వేస్తున్నదీ గమనించుకోవడం దగ్గర మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి రెండు రకాలుగా నేర్పుతారు. టీచర్ మాటతో చెబుతుంటే అందరూ కలిసి, ఎక్కువగా నేలమీద పడుకుని చేసే పాఠాలు ఒక రకం. టీచర్ చేత్తో మెల్లగా కదిలిస్తూ ఒక్కొక్కరికే నేర్పేది రెండో రకం. అలెగ్జాండర్ టెక్నిక్ అనే మరో పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే, కాకపోతే అందులో తలకూ మెడకూ ఉన్న సంబంధం మీద పట్టు ఎక్కువ.

లెక్కల్లోకి వస్తే: ఒక్కో కదలిక 6 నుంచి 10 సార్లు. ప్రతిసారీ మొదటి చోటికి వచ్చి, ఒక క్షణం ఆగి, మళ్లీ. కదలిక మారినప్పుడల్లా కనీసం అర నిమిషం విశ్రాంతి. మొత్తం 15–20 నిమిషాలు చాలు. చాలామంది విశ్రాంతిని టైం వేస్టు అనుకుని ఎగ్గొడతారు. ముందుకీ ఇప్పటికీ తేడా తెలిసేది ఆ అర నిమిషంలోనే. అది లేకపోతే మిగిలేది నెమ్మదిగా చేసిన డ్రిల్లు.

ప్రశ్న: కారు వెనక్కి తీసేటప్పుడు కుడివైపు వెనక్కి చూడాలంటే మెడ సగంలోనే ఆగిపోతోంది. రోజూ మెడ స్ట్రెచ్‌లు చేస్తున్నా. గడ్డం చేత్తో పట్టుకుని నెట్టినా అంతే.

జవాబు: ముందు ఆ నెట్టడం మానేయండి. బలవంతంగా లాగిన కండరం తనను కాపాడుకోవడానికి బిగుసుకుంటుంది. మీరు నెట్టేది, అది ఆపేది, రెండూ మీరే.

మెడలో 7 పూసలు ఉన్నాయి. మెడ తిరగడంలో దాదాపు సగం పై రెండు పూసల మధ్యే జరుగుతుంది. మెడ కింద, పక్కటెముకలు తగులుకున్న 12 పూసలు ఉంటాయి. ఒక్కోటి కొద్దికొద్దిగా తిరిగినా అన్నీ కలిసి మరో 30 డిగ్రీల దాకా సాయం పట్టగలవు. వాటి కింద నడుములో ఉండే 5 పూసల కీళ్లు ముఖ్యంగా ముందుకూ వెనక్కూ వంగేలా అమరాయి, పక్కకు తిరగడం వాటివల్ల అయ్యేది చాలా తక్కువ. కాబట్టి ఛాతీ తిరగాలి. ఛాతీ హాయిగా తిరగాలంటే దాని కింద కటి, అంటే తుంటి ఎముకల గిన్నె, కొంచెం జరగాలి. ‘నిటారుగా కూర్చో’ అన్నమాట ఒంటబట్టించుకున్నవాళ్లు ఈ రెండింటినీ కదలనివ్వరు. భారమంతా మెడమీద పడుతుంది.

చేతులు లేని గట్టి కుర్చీ తీసుకోండి. ముందు అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, మధ్యలో జానెడు ఎడం. పిరుదుల కింద రెండు ఎముకలు కుర్చీకి తగులుతాయి, వాటిమీద బరువు సమంగా ఉందో లేదో చూసుకోండి.

ముందు కుడివైపుకు తిరిగి చూడండి. హాయిగా వెళ్లినంతవరకే. ముక్కుకు ఎదురుగా ఏం కనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి: తలుపు అంచు, గోడమీద మేకు, ఏదైనా సరే. తిరిగి ముందుకు రండి. ఇదే మీ కొలబద్ద.

ఇప్పుడు మోకాళ్లు. కుర్చీలో కూర్చునే ఎడమ మోకాలిని రెండు సెంటీమీటర్లు ముందుకు జరపండి, కుడి మోకాలు అంతే వెనక్కి పోతుంది. పాదాలు మాత్రం కదలవు. జరుపుతున్నది మోకాలే అనిపించినా అసలు తిరుగుతున్నది కటి. 8 సార్లు చేయండి. తల ముందుకే చూస్తూ ఉండనివ్వండి. సగం అయ్యేసరికి పొట్ట వదులైందో, ఊపిరి ఆడుతోందో ఒకసారి చూసుకోండి. తర్వాత వెనక్కి ఆనుకుని అర నిమిషం ఆగండి.

రెండోది, చేతులు ఛాతీమీద అడ్డంగా కట్టి, ముక్కు ఎదుటి గోడమీద ఒకేచోట నిలిపి, భుజాలను ఛాతీతో సహా కుడివైపుకు తిప్పి వెనక్కి తీసుకురండి. 6 సార్లు. మామూలుగా తల తిరుగుతుంది, ఒళ్లు ఆగుతుంది. ఇక్కడ ఒళ్లు తిరుగుతోంది, తల ఆగింది. మెడకు మెలిక పడుతూనే ఉంది, కాకపోతే ఎదురు దిక్కుకు, పని చేయించేది కూడా వేరే చోటు నుంచి. మెడ తన పాత అలవాటును ఇక్కడ పట్టుకుని కూర్చోలేదు. ఈ పాఠంలో గట్టి భాగం ఇదేనని మా అభిప్రాయం.

మూడోది కళ్లు. ఒళ్లంతా కలిసి కుడివైపుకు సగం వరకు తిరిగి అక్కడే ఉండండి. తల కదపకుండా కళ్లను మాత్రం ఎడమకు తీసుకెళ్లి మళ్లీ కుడికి తెండి, 5 సార్లు. కళ్లు ఎటు వెళ్తే మెడ కండరాలు అటు సిద్ధమవుతాయి. ఇలా తల ఒకవైపు, కళ్లు ఒకవైపు పెట్టినప్పుడు ఆ జట్టు కాసేపు విడిపోతుంది. కళ్లు నొప్పెడితే దూరం తగ్గించండి.

ఇక ముందుకు వచ్చి, కాస్త ఆగి, మొదటిసారి చూసినట్టే కుడివైపుకు చూడండి. ఎడమ మోకాలు జరుగుతానంటే జరగనివ్వండి. ఇందాకటి మేకు దాటి ఎంత దూరం వెళ్లారో చూసుకోండి.

ఎక్కడ చెడుతుందంటే, తిరిగేకొద్దీ గడ్డం పైకి లేస్తుంది. అలా లేచిందంటే మెడ వెనుక భాగం కుదించుకుపోయిందన్నమాట, కాస్త వెనక్కి రండి. ఊపిరి బిగబట్టినా అదే గుర్తు. కారులో సీటు మోకాళ్లను కదలనివ్వదు కాబట్టి ఎడమ పిరుదును కొంచెం తేలిక చేసి తిరగండి. అద్దాలు చూడటం మాత్రం మానకండి. ఇవి చేసేటప్పుడు కళ్లు తిరిగినా, చేతిలోకి తిమ్మిరి పాకినా ఆపేసి డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: కుర్చీలోంచి లేవాలంటే తొడలమీద చేతులు ఆనించి ‘అమ్మా’ అనకుండా లేవలేకపోతున్నాను. ఎక్స్‌రేలో మోకాళ్లు పెద్దగా పాడవలేదన్నారు.

జవాబు: మీ పాదాలు ఎక్కడున్నాయో చూడండి. చాలామంది వెనక్కి వాలి, పాదాలు మోకాళ్లకంటే ముందుకు చాపి, అక్కడినుంచే నేరుగా పైకి లేవాలని చూస్తారు. అప్పుడు ఒంటి బరువంతా పాదాలకు వెనుక ఉంటుంది. దాన్ని తొడ కండరాలు ఒక్కసారిగా ముందుకూ పైకీ ఈడ్చాలి. మోకాలు మొరపెట్టేది అందుకే.

అంచుకు జరగండి. మడమలు మోకాళ్లకంటే నాలుగు వేళ్ల వెడల్పు వెనక్కి రావాలి. అరచేతులు తొడలమీద పెట్టి, మోకాళ్ల వైపు జార్చుతూ ముందుకు వంగండి. వంపు నడుములో కాదు, గజ్జల దగ్గర రావాలి. తుంటి కీలు ఎక్కడుందో చూపించమంటే చాలామంది నడుముకు పక్కన, ఎముక తగిలే చోట చెయ్యి పెడతారు. అసలు కీలు అంతకంటే కిందుగా, లోపలికి, గజ్జ మడత మధ్యభాగానికి వెనుక ఉంటుంది. అక్కడ రెండు వేళ్లు ఆనించి వంగితే వేళ్లు మడతలో నలుగుతాయి. నలగలేదంటే మీరు వీపు గూనిచేసి వంగుతున్నట్టే.

ఇలా 8 సార్లు ముందుకూ వెనక్కూ. ఇంకా లేవకండి. పాదాలమీద బరువు పెరగడం, కుర్చీమీద తగ్గడం, అంతవరకే చూడాలి. చూపు ఒక మీటరు దూరంలో నేలమీద. ముక్కు కాలివేళ్ల పైదాకా వచ్చేసరికి పిరుదులు తమంతట తామే తేలికపడతాయి. అప్పుడు ఒక్క సెంటీమీటరు లేచి, చప్పుడు కాకుండా తిరిగి కూర్చోండి. దబ్బున పడితే బరువు ఇంకా వెనకే ఉందని అర్థం.

ఫెల్డెన్‌క్రైస్ వాడిన పరీక్ష ఇక్కడ బాగా పనికొస్తుంది: కదలిక మధ్యలో ఏ క్షణాన ఆగమన్నా ఆగి, వచ్చిన దారినే వెనక్కి పోగలగాలి. లేచేటప్పుడు సగంలో ఆగలేకపోతే మీరు లేవడం లేదు, ఎగురుతున్నారు. ఆ ఎగురుడుకే ‘అమ్మా’ అవసరమవుతుంది.

మోకాళ్లు లోపలికి కూలుతుంటే పాదాల ఎడం కొంచెం పెంచి, మోకాలిచిప్ప రెండో కాలివేలి వైపు ఉండేలా చూసుకోండి. కుర్చీ మరీ పల్లంగా ఉంటే గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. మెత్తటి సోఫాలో నేర్చుకోవాలనుకోవద్దు. సోఫాను తయారుచేసింది లేవడానికి కాదు.

ప్రశ్న: పొద్దున లేవగానే నడుము పట్టేసి ఉంటుంది. కటితో గడియారం తిప్పే కదలిక ఉందని విన్నాను. ఎలా చేయాలి?

జవాబు: వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడిచి పాదాలు నేలమీద, తుంటి వెడల్పున. కింద దుప్పటి చాలు, పరుపు మెత్తదైతే ఒత్తిడి ఎక్కడ పడుతోందో తెలియదు. తల వెనక్కి వేలాడితే మడిచిన తువ్వాలు పెట్టుకోండి.

కటి వెనుకవైపు, నేలకు ఆనే చోట, ఒక గడియారం బిళ్ల ఉందనుకోండి. 12 అంకె నడుము వైపు, 6 వెన్ను చివరి పూస వైపు. 3 ఒక తుంటి కింద, 9 రెండో తుంటి కింద. ముందు 12కు, 6కు మధ్య దొర్లించండి. 12 వైపు వెళ్తే నడుము నేలకు దగ్గరవుతుంది. 6 వైపు వెళ్తే నడుము కింద సందు పెరుగుతుంది. 10 సార్లు. విశ్రాంతి. తర్వాత 3కూ 9కీ మధ్య, ఒక తుంటి బరువెక్కితే రెండోది తేలికవుతుంది. మోకాళ్లు అటూఇటూ ఊగిపోకూడదు. ఊగితే తిప్పుతున్నది కాళ్లను, కటిని కాదు. చివర్లో అంకెలన్నీ తాకుతూ గుండ్రంగా, ఒకవైపు 5 చుట్లు, రెండోవైపు 5 చుట్లు.

చుట్టు అన్నిచోట్లా గుండ్రంగా రాదు. ఉదాహరణకు 4 నుంచి 5కు వెళ్లేటప్పుడు కటి ఒక్కసారిగా జారి, 5ను వదిలేసి 6లో తేలుతుంది. ఆ దూకిన చోటే మీకు కావాల్సింది. మొత్తం చుట్టు పక్కనపెట్టి 3 నుంచి 6 దాకా మాత్రమే, సగం వేగంతో, అంకె అంకె దగ్గరా ఆగుతూ నాలుగైదు సార్లు వెళ్లండి. తర్వాత చుట్టు తిప్పితే గతుకు చిన్నదవుతుంది.

పాదాలతో నేలను గట్టిగా తన్ని నెట్టడం, పొట్ట బిగించి నడుమును నేలకు అదమడం, ఈ రెండూ మామూలుగా జరిగే పొరపాట్లు. కటి నేలమీంచి లేవనే కూడదు, దొర్లాలంతే. కదలిక సాఫీగా ఉంటే అది వెన్ను మీదుగా తలదాకా పాకి, గడ్డం తనంతట తానే కొద్దిగా పైకీ కిందికీ ఊగుతుంది. ఊగకపోతే దవడ, మెడ వెనుక చూసుకోండి. ఎక్కడో పట్టుకుని ఉన్నారు.

పొద్దుటి పట్టు లేచి తిరిగాక కూడా గంట, రెండు గంటలు వదలకుండా వారాల తరబడి ఉంటే అది కదలికతో సరిపెట్టుకునేది కాదు, డాక్టరు చూడాలి.

ప్రశ్న: కుడివైపే చేయించి ఆపేశారు. లేచి నిలబడితే కుడి పక్క పొడుగైనట్టు, ఎడమ పక్క పొట్టిదైనట్టు అనిపించింది. ఏమైనా తేడా చేసిందా?

జవాబు: కుడి పక్క పొడుగేమీ అవలేదు. ఆ పక్క కండరాల బిగువు తగ్గి, మెదడు దాన్ని ఇంకొంచెం స్పష్టంగా పోల్చుకుంటోంది. కావాలనే ఒకవైపు ఆపుతారు, పక్కపక్కనే రెండూ ఉంటే తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుందని. రెండోవైపు చేయకుండా, చేసినట్టు ఊహించుకుంటూ 5 సార్లు వెళ్లి చూడండి. చాలామందికి కొంత సమమవుతుంది. ఒకపక్కకు ఒరిగినట్టు, ఇబ్బందిగా అనిపిస్తే రెండోవైపూ చేసేయండి, ఏ నియమమూ పాడవదు.

ప్రశ్న: మొదలుపెట్టిన ఐదు నిమిషాలకే నిద్ర వస్తోంది.

జవాబు: నిద్ర చాలడం లేదేమో, పడుకోండి. నిద్ర సరిపోతున్నా వస్తుంటే కళ్లు తెరిచి, కూర్చుని, పదే నిమిషాలు చేయండి. భోజనమైన వెంటనే మాత్రం వద్దు.

ప్రశ్న: ఇంత మెల్లటి కదలికలకు జాగ్రత్తలు ఏముంటాయి? ఎవరైనా చేయొచ్చు కదా?

జవాబు: ఎవరైనా అంటే కాదు. కాళ్లలో కొత్తగా బలం తగ్గినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పడిపోయిన తర్వాత మొదలైన నొప్పి, జ్వరంతో కూడిన నడుము నొప్పి, రాత్రి నిద్రలేపే నొప్పి కూడా ముందు పరీక్ష చేయించుకోవాల్సినవే. ఎముకలు గుల్లబారాయని చెప్పినవాళ్లు వీపు గుండ్రంగా చేసి ముందుకు బాగా వంగడం, చివరిదాకా మెలితిరగడం చేయకూడదు. వెన్నుపూస ముందుభాగం నలిగే ప్రమాదం ఉంటుంది. తుంటి కీలు మార్పిడి జరిగినవాళ్లు ఏ దిక్కుకు ఎంత వంగవచ్చో ఆపరేషన్ చేసిన సర్జన్ చెప్పిన హద్దే ఆఖరు.

ఇవేవీ లేకపోయినా చేసిన మర్నాడు నొప్పి పెరిగితే నిన్న ఎక్కువ చేశారన్నమాట. సార్లు సగానికి, దూరం సగానికి తగ్గించండి. నొప్పి మొదలయ్యే చోటికి వెళ్లి ఆగడం కాదు, దానికి బాగా ముందే వెనక్కి తిరగాలి. ‘కొంచెం నొప్పి ఉంటేనే పనిచేస్తుంది’ అనే మాట ఇక్కడ చెల్లదు. నొప్పి వస్తే ఒళ్లు దాన్నుంచి తప్పించుకునే అడ్డదారి వెతుక్కుంటుంది. మీరు నేర్చుకునేది ఆ అడ్డదారినే.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. నేలమీద పడుకోలేదు. మంచంమీంచి లేచేటప్పుడే ఎక్కువ అవస్థ పడుతోంది. ఆవిడ ఏం చేయవచ్చు?

జవాబు: నేల అవసరం లేదు. మీ అమ్మగారికి ఆ మంచం దిగడమే పాఠంగా పెట్టండి.

వెల్లకిలా ఉన్న మనిషి నేరుగా లేచి కూర్చోవాలంటే తలనూ మొండేన్నీ పొట్ట కండరాలే ఎత్తాలి. దానికి బదులు ముందు పక్కకు దొర్లాలి. ఆవిడ మంచం అంచుకు దగ్గరగా పడుకుని మోకాళ్లు రెండూ మడవాలి. ముందుగా కళ్లు, వెంటనే తల దిగే వైపుకు. దూరంగా ఉన్న చెయ్యి ఛాతీమీదుగా అదే వైపుకు జారాలి. మోకాళ్లు అటు వాలితే కటి వాటి వెంట వస్తుంది. చెయ్యి మంచంపట్టీని పట్టుకుని లాగకూడదు. మొదటి రెండు మూడు రోజులు ఇంతవరకే, 5 సార్లు దొర్లి వెనక్కి రమ్మనండి.

తర్వాత పక్కకు తిరిగి ఉండగానే పాదాలు, పిక్కలు మంచం అంచు దాటించి కిందికి వేలాడనివ్వాలి. కాళ్లు దిగుతున్నప్పుడే పైచేతి అరచేతిని ఛాతీ ముందు పరుపుమీద ఆనించి నెట్టాలి, కింది మోచెయ్యి కూడా అదే సమయంలో ఆనాలి. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు, కాళ్ల బరువు దిగుతుంటే ఛాతీ లేస్తుంది. తల చివర రావాలి. అందరూ తప్పేది ఇక్కడే: అన్నిటికంటే ముందు తలను విదిలించి లేపుతారు, మెడ పట్టేస్తుంది. తల పక్కకు బరువుగా వేలాడుతూ ఒంటి వెనకాల రావాలని చెప్పండి.

కూర్చున్నాక వెంటనే నిలబడనివ్వకండి. అర నిమిషం నుంచి నిమిషం దాకా అలాగే కూర్చుని, మడమలు నాలుగైదుసార్లు ఎత్తి దించాలి. పడుకుని లేవగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగేది ఈ వయసులోనే ఎక్కువ. మంచం మరీ ఎత్తుగా ఉండి పాదాలు నేలకు అందకపోతే అందే ఎత్తుకు దించండి, పీట వేయొద్దు. పీట కదిలితే పడతారు. పక్కన మీరు ఉండండి, కానీ చంకలో చెయ్యి వేసి లేపకండి. మీరు లాగితే ఆవిడ బరువు వెనక్కి వేస్తారు. మీ చేతిని ఆవిడ రెక్క ఎముకల మధ్య వీపుమీద ఊరికే ఆనించి ఉంచితే చాలు, ఎటు వంగాలో వీపుకు తెలుస్తుంది.